గోడ మీది చిలుక

కరీంనగర్,
10 జులై 1988

అక్కా,

చేతులకు సున్నం ఆరకముందే రాస్తున్నాను. కాగితం మీద తెల్లటి మరకలుంటే నన్నే తిట్టుకో. నేను, చంద్రవ్వ, పిల్లలు బాగున్నాం. నీ మోకాలు నొప్పి ఎలా ఉంది? మొన్న పంపిన తైలం రాస్తున్నావా, లేక అటుక మీద దాచిపెట్టావా? నీ సంగతి నాకు తెలియనిదా.

విషయం ఏమిటంటే, నేనొక గోడ పనిలో పడ్డాను. మా సందు మొదట్లో జానకీబాయి గారి బంగళా ఉంది కదా. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు ముక్కు మూసుకొని దాటావు చూడు, ఆ ప్రహరీ గోడ. ఊళ్ళో చెత్తంతా దాని కిందే. మొన్నటి వానలకు పెచ్చులూడి ఇటుకలు బయటపడ్డాయి. ఆమె భర్త రావుగారు పోయి రెండేళ్ళయింది. తమ పల్లె విడిచి ఇక్కడికి వచ్చాక ఆ ఇంట్లో ఆమె, బిడ్డ శకుంతల ఇద్దరే ఉంటున్నారు. మాఘమాసంలో శకుంతల పెళ్ళి. మరిది జగపతిరావు గారు, ఆయన భార్య పీటల మీద కూర్చొని కన్యాదానం చేస్తారట. పెళ్ళిలోగా గోడ బాగు చేయించాలని మేస్త్రీ పర్శరాములును పిలిపించారు.

నేను అడ్డం పడ్డాను. "అమ్మా, సిమెంటు పూత వద్దు, గిలాబా వద్దు. గోడ మా సందుకు ఇవ్వండి. మేం పారేసేవన్నీ దానికే అతికించి బొమ్మలు చేస్తాం" అన్నాను. ఆమె నవ్వారు. "ఏంది సారూ, నా గోడకు చెత్త పెడ్తరా?" "ఇప్పుడు కింద ఉన్నది కూడా అదే కదమ్మా" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, సరే కానివ్వమన్నారు.

షరతు ఒకటే పెట్టుకున్నాం. కొన్నది తేవద్దు, ఎవరు తెచ్చింది వాళ్ళ చేత్తోనే అతికించాలి. సైకిల్ షాపు కొండల్ తెగిన చెయిన్లతో పాము చేశాడు. అందరూ తిట్టారు. తెల్లారి దానికి కాళ్ళు పెట్టి మొసలి అన్నాడు. ఎదురింటి ఐలవ్వ కొడుకు దుబాయి నుంచి మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ ఒకటి తెగిపోయింది. ఆమె దాన్ని తెచ్చి "గిండ్ల వాని గొంతున్నది, జర మీదికి పెట్టనియ్యి సారూ" అంది. స్టూలెక్కించి పెట్టించాం. సోడా మూతలు, విరిగిన కప్పులు, మందు సీసాలు... నీలం రంగువన్నీ కలిపి గోడ మీద మానేరు నదిని పారిస్తున్నాం.

ఒక సిగ్గుమాలిన సంగతి చెప్తాను, నవ్వకు. నువ్వు నన్ను నిర్మల్ పంపి బొమ్మల పని నేర్పించావు కదా. అక్కడి అలవాటు కొద్దీ మొదటి చేపను చింతగింజల జిగురుతో అతికించాను. తెల్లారేసరికి బర్రెలు దాన్ని తోకదాకా నాకేశాయి. బడిలో పిల్లలు నన్ను "చేప సారు" అంటున్నారు. ఇప్పుడు సిమెంటే వాడుతున్నాం.

నీ నుంచి కూడా ఈ గోడకు ఏదైనా రావాలి. ఆకుపచ్చ మాకు దొరకడం లేదు. పగిలిన గాజు ముక్కలు ఉంటే పంపు. బావ సైకిల్ బెల్లు నీ దగ్గరే ఉంది కదా, అదిస్తే మానేట్లో చేసే పడవకు పెడతాను. నువ్వు దూరాన ఉన్నావు కాబట్టి నీ వంతు మేం అతికిస్తాం.

నీ
లింగమూర్తి

*

లక్సెట్టిపేట,
2 ఆగస్టు 1988

తమ్మీ లింగమూర్తీ,

నువ్వు, మరదలు, పిల్లలు సల్లగుండుండ్రి. నాకు మీ బడి తెలుగు రాదు. నోటికొచ్చినట్టే రాస్త. ఎర్ర సిరాతోటి దిద్దినవంటే మల్ల ఉత్తరమే రాయ.

నీ చేపను బర్రె నాకిందని చదివి నవ్వలేక సచ్చిన. బోరింగు కాడ అందరికి చదివి వినిపిచ్చిన. పక్కింటి ముత్తయ్య అయితే, మీ తమ్ముడు బర్రెలకు కుడితి పెట్టబోయి బొమ్మ చేసిండు అన్నడు.

గని తమ్మీ, గాజు ముక్కలు పంపుమని రాసినవ్ సూడు, ఆడ ఆగిపోయిన. ఎవరిని అడుగుతున్నవురా? మీ బావ పోయి పదకొండేండ్లాయె. అప్పటి సంది నా చేతులెట్లున్నయో సూడనే లేదా? కోపమొచ్చి నీ ఉత్తరం పొయిల పెడ్దామనుకున్న. మల్ల మనసున పట్టలే. వీనికి చిన్నప్పటి సంది గంతే, కండ్ల ముందటిది కనవడది, గోడ మీద లేనిది కనవడ్తది అనుకొని ఊకున్న.

ఇగ ఇను. మీ బావ పోయిన పదోనాడు నన్ను గోదారి ఒడ్డుకు తీస్కపోయిండ్రు. రాయి మీద చేతులు పెట్టిచ్చి గాజులు కొట్టిండ్రు. గవి ఆడనే ఇడిసిపెట్టి రావాలె, ఇంటికి తేవద్దు. నాకు తెల్వదా? అందరు తానాలకు దిగినంక నేను వంగి ఒక్కొక్క ముక్క ఏరుకొని కొంగుల కట్టుకున్న. మీ బావ తునికాకు కల్లంల గుమస్తా పని చేస్తుండె గదా, గా యేడు నిర్మల్ అంగట్ల నాకోసం తెచ్చిన గాజులు. ఆకుపచ్చయి, అంచుకు బంగారు గీత. ఇసుకల పారేసి రాబుద్ధి కాలే. హార్లిక్స్ సీసల పోసి అటుక మీద పెట్టిన. తప్పంటే తప్పు, గని నాకేం రంది లేదు.

గా సీస మా వాడకట్టు అంతయ్యకిచ్చి పంపుతున్న. ఇత్తనాల కోసం కరీంనగర్ వస్తుండు. గీ ఉత్తరం గూడ వాని చేతికే ఇస్తున్న. నువ్వే అతికియ్యి, నీ చేతులతోటి. ఓ మూలకు, కిందికి. గేటు దిక్కు పెట్టకు, పెండ్లయ్యే ఇల్లు. ఎవరియో ఎవరికి చెప్పకు. నాకు పెండ్లిల్లకు పిలుపులొస్తయి, నేను పోత. తలంబ్రాలు అయ్యేదాక వంటింట్ల ఉల్లిగడ్డలు కోసుకుంట కూసుంట. నేను పోలేని కాడికి నా గాజులన్న పోతయేమో అనిపిచ్చింది. గంతే.

బెల్లు మాత్రం ఇయ్య. సైకిల్ అమ్మిన్నాడు బెల్లు ఊడదీసుకొని ఉంచుకున్న. మీ బావ సందు మూల తిరుగంగనే రెండుసార్లు కొడుతుండె, నేను లేసి అన్నం పెడుతుంటి. అది అడుగకు.

మీ అక్క
రామవ్వ

*

కరీంనగర్,
25 ఆగస్టు 1988

అక్కా,

అంతయ్య వచ్చి సీసా ఇచ్చి, నీళ్ళు కూడా తాగకుండా బస్సుకు పరుగెత్తాడు. సీసాతో పాటు రెండు ముక్కలు రాసి పంపకూడదా? కోపంగా ఉన్నావా? బెల్లు అడిగినందుకా? పోనీలే, బెల్లు సంగతి మరిచిపో. సీసా చాలు. నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఎక్కడ సంపాదించావే అంత ఆకుపచ్చ!

ఏం జరిగిందో చెప్తాను. చంద్రవ్వ సీసా మూత తీసి గంపలో గుమ్మరించింది. ఎండకు ఆ బంగారు గీతలు తళుక్కుమన్నాయి. ఇన్ని రోజులు జానకీబాయి గారు మేడ మీద కుర్చీలో కూర్చొని మమ్మల్ని చూస్తుండేవారు. ఆ రంగు చూశారో లేదో, గబగబా మెట్లు దిగి వచ్చారు. "సారూ, గివి నాకియ్యుండ్రి. గేటు పక్కన జాగ నాది. గిటు దిక్కు ఎవ్వరు రావొద్దు" అన్నారు.

అక్కా, ఆ చేతులు ఎన్నడూ తాపీ పట్టినవి కావు. చెంగు నడుముకు దోపుకొని, నేల మీద కూర్చొని, వారం రోజులు ఒక్కొక్క ముక్క ఏరి రామచిలుకను కూర్చారు. వంపు ముక్కలన్నీ రెక్కలకు, చిన్నవి మెడకు. పర్శరాములు సిమెంటు కలిపి ఇవ్వడమే. ముక్కుకు ఎరుపు దొరక్క పరేషాన్ అవుతుంటే ఐలవ్వ విరిగిన సాసరు తెచ్చి ఇచ్చింది. నేను డ్రాయింగ్ సారునని చెప్పుకోవడానికి సిగ్గేసింది. నా చేప బర్రెలకే నచ్చింది, ఆమె చిలుకను చూడ్డానికి గడియార స్తంభం దాకా ఉన్న జనం వస్తున్నారు.

"ఎవరియి సారూ ఈ గాజులు?" అని అడిగారు. మా అక్క పంపిందన్నాను. "మీ అక్క చేతులు సల్లగుండ" అన్నారు. పెళ్ళివారు ఆ గేటులోంచే రావాలి. "నా బిడ్డ పెండ్లికి నా చేతులతోటి నేను పెట్టేది గిదొక్కటే" అని మురిసిపోయారు. ఇదంతా నీ వల్లనే. వెంటనే జవాబు రాయి.

నీ
లింగమూర్తి

*

లక్సెట్టిపేట,
4 సెప్టెంబర్ 1988

తమ్మీ,

నీ ఉత్తరం చదివిన. సీసతోటి ఉత్తరం ఇచ్చి పంపిన గదరా! ఉరికిపోయి అంతయ్యను నిలదీసిన. సీస ఇయ్యాల్నన్న యాదిల ఉత్తరం అంగి జేబులనే మరిచిండట. వాని పెండ్లాం అంగి ఉతికితే ముద్దయిందట. ఇప్పుడు నెత్తి గోక్కుంట నిలబడ్డడు. వాన్ని తిట్టి ఏం ఫాయిద?

మల్ల రాస్తున్న, ఇను. గవి నా గాజులురా. మీ బావ పోయిన పదోనాడు గోదారి ఒడ్డున కొట్టిన గాజులు. నేను ఏరుకొచ్చుకొని దాసుకున్న. ఓ మూలకు పెట్టు, గేటు దిక్కు పెట్టకు, ఎవరికి చెప్పకు అని రాస్తే, నువ్వు పెండ్లికొడుకు వచ్చే తొవ్వల చిలుకను చేపిచ్చినవా!

ఇగ దాసేది లేదు. పోయి గామెకు చెప్పు. పొద్దుగాలనే పో. గామె గూడ నా అసొంటిదే, తెలిస్తే అర్థం చేసుకుంటదని నువ్వు అనుకుంటవు. తన సంగతి ఏరు, బిడ్డ పెండ్లి ఏరు. రేపు గా పిల్లకు తలనొప్పి వచ్చినా, కార్ల టైరు పగిలినా, లక్సెట్టిపేట రామవ్వ గాజులు పెట్టిండ్రు గోడకు, అందుకే గిట్లయిందంటరు. గా మాట నేను పడలేను తమ్మీ. గా పిల్ల మొకం నేను సూడనన్న సూడలే.

చిలుకను కూలగొడ్తమంటే అడ్డం పోకు. నేనేం అనుకోను. ముక్కలు మాత్రం మోరిల పారేయనియ్యకు. కడిగి మల్ల సీసల పోసి పంపు. సీస ఉన్నది గదా?

అక్క
రామవ్వ

*

కరీంనగర్,
20 సెప్టెంబర్ 1988

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. గాజు ముక్కలు పంపమని నీకు రాసిన చేయిని నరుక్కోవాలనిపించింది. అమ్మ పోయాక నన్ను పెంచిన చేతులు నీవి. మొన్న నువ్వు వచ్చి వెళ్ళినప్పుడు కూడా నా గిన్నెలో నెయ్యి వేసిన చేతులు. అవి బోసిగా ఉన్నాయని నాకు తట్టనే లేదు. నన్ను క్షమించమని అడగను, నువ్వు ఎప్పుడో క్షమించేశావని తెలుసు. అందుకే ఇంకా బాధగా ఉంది.

ఉత్తరం అందిన రోజే వెళ్ళి చెప్పాను. ఆమె చిలుక కాళ్ళ దగ్గర ఏదో సర్దుతున్నారు. నేను చెప్పినంతసేపు తలెత్తలేదు. అంతా విన్నాక తాపీ కింద పెట్టి, నల్లా దగ్గర చేతులు కడుక్కొని లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే గేటుకు తాళం పడింది. ఆనాటి నుంచి ఆమె మేడ మీదికి కూడా రావడం లేదు.

ఈ లోపల సంగతి జగపతిరావు గారికి తెలిసింది. మా చంద్రవ్వే ఐలవ్వకు చెప్పింది. ఐలవ్వకు చెబితే ఇక చాటింపు అక్కర్లేదు. ఆయన జీపు దిగి గోడ ముందు నిలబడి అందరూ వినేలా అరిచారు. "పెండ్లింటి గోడకు గివేనా దొరికినయ్? సారూ, నీకు బుద్ధున్నదా?" పై గురువారం చిలుకను చెక్కేయమని పర్శరాములుకు చెప్పి వెళ్ళారు. పర్శరాములు నా దగ్గరికి వచ్చి, "మేస్త్రీ పని కట్టుడు సారూ, గిదేం పని" అని మొహం మాడ్చుకున్నాడు.

సందులో పని ఆగిపోయింది. మానేరు సగంలో ఉంది. ఎవరూ ఏమీ తేవడం లేదు. ముక్కలు మాత్రం ఒక్కటి కూడా పోనివ్వను. సీసా కడిగి పెట్టాను.

నీ
లింగమూర్తి

*

లక్సెట్టిపేట,
28 సెప్టెంబర్ 1988

తమ్మీ,

ఏడువకు. ఏడ్సుకుంట రాసినట్టున్నవ్, సిరా అలుక్కపోయింది.

గామె తలుపు ఏసుకున్నదంటే కోపమే. దొర్సానులు గంతే, నోరు తెరిచి అనరు, తాళం ఏస్తరు. గామెను తప్పు పట్ట. నేనైనా అంతే చేస్తుంటి.

గని పర్శరాములును ఆగుమను. సుత్తె పెట్టి కొట్టొద్దు. నేనే వస్త. బతుకమ్మ పండుగ అయినంక అంతయ్యను ఎంట తీసుకొని బస్సెక్కుత. నీళ్ళు సల్లి, కత్తిపీట మొనతోటి ఒక్కొక్కటి నేనే పీకుత. గవి ఒక్కసారి కొట్టిచ్చుకున్నయి, చాలు. మల్ల కొట్టిచ్చుకోవద్దు.

అప్పటిదాక ఆగుమని గా పెద్దమనిషిని నా పేరు చెప్పి బతిలాడు. ఆడిమనిషి కాళ్ళు మొక్కి అడుగుతుందని చెప్పు.

రామవ్వ

*

కరీంనగర్,
7 అక్టోబర్ 1988

అక్కా,

నువ్వు బస్సెక్కే పని లేదు. ఆగు, కోపం తెచ్చుకోకు, మొత్తం చదువు. రావద్దని కాదు. పీకడానికి రావద్దు.

నీ ఉత్తరం చేరకముందే గురువారం వచ్చేసింది. జగపతిరావు గారు వచ్చారు. పర్శరాములు సుత్తె, ఉలి పట్టుకొని గోడ దగ్గర కూర్చొని బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు, లేవడం లేదు. సందంతా అక్కడే ఉంది. నేను సీసా పట్టుకొని నిలబడ్డాను, ఏరుకోవడానికి. అప్పుడు గేటు తాళం తీసిన చప్పుడయింది.

జానకీబాయి గారు వచ్చి చిలుకకు అడ్డంగా నిలబడ్డారు. మనిషి సగమయ్యారు. "పర్శరాములూ, ఇంటికి పో" అన్నారు. జగపతిరావు గారు, "వదినా, మీకు తెల్వదు. గవి ముండమోసిన దాని గాజులు" అన్నారు.

"తెలుసు. సారు చెప్పిండు. మరి చిలుకను చేసిన చేతులు ఎవరియి?" అన్నారామె.

ఆమె గొంతు పెంచలేదు. "మీ అన్న పోయినంక మీరు చెప్పినట్టే ఇన్న. కన్యాదానం మీరే చేయుండ్రి, పీటల మీద మీరే కూసోండ్రి. నేను ఎనుక గదిల కూసోమంటే కూసుంట. గీ గోడ బయట ఉన్నది జగపతిరావూ. బయటన్న నన్ను నా బిడ్డకు ఓ చిలుకను పెట్టుకోనియ్యుండ్రి." ఇంట్లోంచి శకుంతల వచ్చి తల్లి పక్కన నిలబడింది. ఆయన వెనక్కి తిరిగి జీపెక్కారు. పర్శరాములు బీడీ పారేసి, ఉలి సంచిలో వేసుకొని, "చెప్పిన గద సారూ, మేస్త్రీ పని కట్టుడు" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. అన్ని రోజులూ ఆమె కోపంతో తాళం వేసుకున్నారని నువ్వూ నేనూ అనుకున్నాం. కాదక్కా. లోపల అల్మారాలు, పెట్టెలు, బియ్యం డబ్బాలు, అన్నీ తీసి వెతికారట. ఏం వెతికారమ్మా అని అడిగాను. "నా గాజులు సారూ. రావుగారు పోయిన్నాడు తీసినయి. మానేట్ల కలిపిండ్రు. ఒక్క ముక్కన్న యాడన్న మిగిలిందేమో, మీ అక్కవాటి పక్కన పెడ్దామని. దొరకలే. వంగి ఏరుకోవాల్నని నాకు తట్టలే. మీ అక్కకు తట్టింది" అన్నారు. అని కళ్ళొత్తుకున్నారు. నేనూ ఒత్తుకున్నాను, దాపరికం ఎందుకు.

శుభలేఖలు అచ్చయి రాగానే నీకు తన చేత్తోనే పసుపు అద్ది పంపుతానన్నారు. ఒక మాట ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాస్తున్నాను. "వంటింట్లకు గాదు. చిలుక కాడికి రమ్మను."

మానేరులో మళ్ళీ నీళ్ళు కదిలాయి. నిన్న ఒక్కరోజే గంపెడు సీసాలొచ్చాయి. హార్లిక్స్ సీసా మాత్రం నా బల్ల మీద ఖాళీగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నీకు మొక్కుకుంటున్నాను.

నీ
లింగమూర్తి

*

లక్సెట్టిపేట,
3 మార్చి 1989

తమ్మీ,

నేను, అంతయ్య మంచిగనే చేరినం. చంద్రవ్వ కట్టిచ్చిన సకినాలు సగం వాడే తిన్నడు. పోనీ, మొన్నటి సంది మొకం చెల్లక తిరుగుతుండె, ఇప్పుడన్న నవ్విండు.

నువ్వు పందిట్ల కుర్సీలు ఏసుకుంట, సుట్టాలకు షర్బత్ ఇచ్చుకుంట తిరుగుతున్నవ్, నీకేం తెల్వది. అందుకే రాస్తున్న. బారాత్ వస్తుందంటే జానకీబాయి నా చెయ్యి పట్టుకొని గేటు కాడికి తీస్కపోయింది. ఎనుకనుంచి ఎవరో "గిదేంది" అన్నరు. ఆమె ఇనిపిచ్చుకోలే. ఇద్దరం చిలుక పక్కన నిలబడ్డం. నా గుండె ఎట్ల కొట్టుకున్నదంటే బ్యాండు చప్పుడు గూడ ఇనపడలే. పెండ్లికొడుకు మమ్ముల సూడనే లేదు, చిలుకనే సూసుకుంట పోయిండు. మంచి పిలగాడు, సోమరిపోతు లెక్క లేడు.

ఆమె నన్ను మెల్లగ అడిగింది. "రామవ్వా, చిలుకల ఏమన్న తప్పున్నదా?" నేను ఊకుంటనా? "తోక జర పొట్టిగైంది" అన్న. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. పెండ్లింట్ల నేను నవ్వి ఎన్నేండ్లయిందో తమ్మీ. తలంబ్రాలప్పుడు ఇద్దరం కిటికిల కెల్లి సూసినం. లోపటికి రమ్మని ఎవ్వరు పిలువలే. జగపతిరావు పీటల మీద కూసొని మా దిక్కు సూసి తల వంచుకున్నడు. పిలిచినా పిలువకున్నా, నాకు ఉల్లిగడ్డలు కోసే పని మాత్రం పడలే.

అప్పగింతలైనంక శకుంతల కార్ల కూసోబోయి దిగొచ్చింది. చిలుక మీద అరచెయ్యి ఆనిచ్చి, మొదలు తల్లికి మొక్కింది, ఎనుక నాకు మొక్కింది. సల్లగుండు బిడ్డా అని గూడ అనలేకపోయిన. ఇప్పుడు అంటున్న. నువ్వు ఉత్తరం రాసినప్పుడు గా పిల్లకు చెప్పు.

ఇగ బెల్లు ముచ్చట. నేను సంచిల పెట్టుకొనే వచ్చిన, నీకు చెప్పలే. ఇస్తనో ఇయ్యనో నాకే తెల్వకుండె. పెండ్లి తెల్లారి పొద్దుగాల గోడ కాడ ఐలవ్వ స్టూలెక్కి కొడుకు క్యాసెట్ తుడుస్తుండె. ఆమెను సూసినంక సంచి తెరిచిన. కొండల్ బోల్టు బిగిచ్చిండు, సిమెంటు మాత్రం నా చేతులతోటే ఒత్తిన. మీ షరతే గదా, ఎవరు తెచ్చింది వాళ్ళ చేత్తోటే. నా గాజులు గామె అతికిచ్చింది, నా బెల్లు నేను అతికిచ్చిన. చిలుక కంటె జర కిందికి పెట్టిన, పిల్లలకు అందేటట్టు.

పడవకు పెడ్తనంటివి. పడవ కాడ వద్దు. సందు మూల కాడనే ఉండాలె అది.

నువ్వు గోడ మీద పడి పిచ్చి పనులు చేస్తున్నవని నేను ఎన్ని తిట్లు తిట్టినా, నీకు పుణ్యముంటది తమ్మీ. జానకీబాయికి నా మొక్కులు చెప్పు.

అక్క
రామవ్వ

*

కరీంనగర్,
22 జూన్ 1989

అక్కా,

తొలకరి పడింది. గోడ ఒక్క ముక్క కూడా రాల్చలేదు. వానలో తడిసి నీ ఆకుపచ్చ ఎలా మెరుస్తోందో వచ్చి చూడాలి.

బళ్ళు తెరిచారు. సందులోంచి పోయే ప్రతి పిల్లా ఆ బెల్లు కొట్టందే కదలడం లేదు. జానకీబాయి గారు నాకు ఫిర్యాదు చేశారు. "సారూ, పొద్దు పొడిస్తే సాలు, ట్రింగు ట్రింగుమని ఒకటే లొల్లి, కన్ను మూతపడ్తలేదు." మొన్న వానకు అది పట్టేసి మూగబోయింది. మధ్యాహ్నానికల్లా ఆమె మనిషిని పంపారు, "సారును జల్ది రమ్మను, బెల్లు మోగుతలేదు" అని. ఇంకో సంగతి, ఎవరికీ చెప్పకు. జగపతిరావు గారు వదినను చూడ్డానికి వచ్చి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకొని ఒకసారి మోగించి లోపలికి పోయారు. నేను కొండల్ షాపులో కూర్చొని చూశాను.

నేనేదో ఊరి చెత్తకు బొమ్మ గీస్తున్నాననుకున్నాను. నువ్వు నాకు గోడ అంటే ఏమిటో నేర్పావు. చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టావు, ఇప్పుడు ఇది. నీ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలని కూడా లేదు.

బెల్లును రేపు విప్పి కొబ్బరినూనె పెడతాను.

నీ
లింగమూర్తి

*

లక్సెట్టిపేట,
1 జులై 1989

తమ్మీ,

కార్డు ముక్కనే దొరికింది, పొట్టిగ రాస్తున్న. కొబ్బరినూనె పెట్టకు, చలికాలం గడ్డకడ్తది. మీ బావ కుట్టుమిషన్ నూనె పెడుతుండె. రెండు చుక్కలు సాలు.

జానకీబాయికి చెప్పు, లొల్లి అయితదని పిల్లల మీద గుర్రుమనొద్దని. పిల్లలకు గూడ ఓ మాట చెప్పు. ఊకె ట్రింగు ట్రింగు కాదు. మూల తిరుగంగనే రెండుసార్లు కొట్టాలె, ఆగాలె. లోపల ఎవరో అన్నం పెట్టుకొని సూస్తుంటరు.

అక్క
రామవ్వ